ఘాట్ అవతలి కంప్యూటర్‌ని ఇక్కడి నుంచే కనిపెట్టుకోవడం ఎలా?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో షాపు పెట్టుకుని గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం దాకా ఏఎంసీలు (ఏడాది మరమ్మతు కాంట్రాక్టులు) పట్టినవాళ్లకు ఇది రోజూ ఉండేదే. పార్టీ, అంటే కాంట్రాక్టు ఇచ్చిన కస్టమరు, ఫోన్ చేసి "సిస్టం పడుకుంది" అంటాడు. ఆ ఒక్క మాటలో కరెంటు పోవడం, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోవడం, హార్డ్‌డిస్కు మొండికేయడం, నెట్ రాకపోవడం, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కోవడం అన్నీ ఇమిడిపోతాయి. సాలూరు నుంచి పొట్టంగి మీదుగా ఘాట్ ఎక్కి అంతదూరం పోయి చూస్తే స్పైక్ బస్టర్ స్విచ్ ఆఫ్‌లో ఉంటుంది. బండి తీయకముందే ఏం జరిగిందో తెలియాలి. వీలైతే పార్టీ ఫోన్ చెయ్యకముందే తెలియాలి. 5 నుంచి 60 సిస్టంల దాకా చూసుకునే చిన్న సర్వీసువాళ్లు దీన్ని ఎలా అమర్చుకోవాలో వరసగా చూద్దాం.

1. బ్రేక్‌డౌన్ అంటే ఏమిటో ముందే రాసుకోండి

పార్టీ పని ఆగిన ప్రతిసారీ బ్రేక్‌డౌనే. సీపీయూ బ్రహ్మాండంగా తిరుగుతున్నా బిల్లు ప్రింటర్ కొట్టకపోతే మందుల షాపు వరకు అది బ్రేక్‌డౌన్ కిందే లెక్క. రాత్రి 2 గంటలకు ఆగి తెల్లారేలోపు తనంతట తానే లేచిన సిస్టం మాత్రం పార్టీ లెక్కలోకి రాదు. మీ పుస్తకంలోకి వస్తుంది. పని గంటలు ఎన్నో కాంట్రాక్టు కాగితంలోనే ఉండాలి. ఉదాహరణకు రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు, అంటే 260 గంటలు. ఇది రాసుకోకపోతే నెలాఖరులో ప్రతి బిల్లు దగ్గరా వాదనే.

అదే కాగితంలో ఇంకో పేరా పెట్టండి: మీరు ఏం చూస్తారు, ఏం చూడరు. సిస్టం ఆన్‌లో ఉందా, డిస్కు ఎలా ఉంది, ఎన్నిసార్లు ఆగింది, ఇంతవరకే. స్క్రీను చూడం, ఫైళ్లు తెరవం అని రాసి సంతకం తీసుకోండి. నర్సింగ్ హోముల దగ్గర ఇది మరీ ముఖ్యం, రోగుల వివరాలు ఉంటాయి కాబట్టి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి పార్టీకి తెలియకపోయినా మీకు తెలిసి ఉండాలి.

కారణాలకు ఆరు గుర్తులు చాలు. క అంటే కరెంటు, న అంటే నెట్, హ అంటే హార్డ్‌వేర్, స అంటే సాఫ్ట్‌వేర్, మ అంటే మనిషి చేసిన పొరపాటు, తె అంటే తెలియదు. చివరిది సిగ్గుపడకుండా వాడండి. తెలియనిదాన్ని "స" కింద తోసేస్తే ఆరు నెలల తర్వాత లెక్కంతా అబద్ధమవుతుంది.

ఫోన్ తీసే కుర్రాడికి ఒడియా మాటలు కొన్ని గోడమీద రాసి అంటించండి. "కరెంట్ చాలిగలా" అంటే కరెంటు పోయిందని. "ధీరే చాలుఛి" అంటే మెల్లగా నడుస్తోందని. "చాలుఛి" అంటే నడుస్తోంది, "చాలుని" అంటే నడవడం లేదు. సిగ్నల్ సరిగా లేని ఫోన్లో ఆ చివరి అక్షరం వినబడదు, కంప్లైంటు తిరగబడిపోతుంది. కాబట్టి రెండోసారి అడిగి రాసుకోమనండి.

2. ప్రతి సిస్టానికీ ఒక జాతక చక్రం

మొదటి విజిట్‌లోనే తీసుకోవాల్సినవి: సిస్టం పేరు (ఊరు, పార్టీ, నంబరు కలిపి పెట్టండి, "డెస్క్‌టాప్" తర్వాత అర్థంకాని అక్షరాలతో వచ్చే పేరు వదలకండి), మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ రకం, డిస్కు మోడల్, సీరియల్ నంబరు, డిస్కు ఇప్పటివరకు తిరిగిన గంటలు, యూపీఎస్ కెపాసిటీ, బ్యాటరీ మార్చిన తేదీ, రౌటర్ అడాప్టర్ వోల్టేజి, ఆంపియర్. బ్యాటరీ తేదీని దానిమీదే మార్కర్‌తో రాయండి. విండోస్ ఏ వెర్షనో కూడా రాయండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి అవి ఎన్ని మిగిలాయో మీ దగ్గర లెక్క ఉండాలి.

3. కరెంటు సంగతి తేల్చనిదే కంప్యూటర్ జోలికి పోవద్దు

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు సాఫ్ట్‌వేర్ పెట్టేసి మానిటరింగ్ మొదలైందనుకుంటారు. ఈ ప్రాంతంలో సగం చిక్కులు సాకెట్ దగ్గరే ఉంటాయి. మల్టీమీటర్ తీసుకుని మూడు కొలతలు తీయండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య, అన్ని సిస్టంలూ ఆన్‌లో ఉండగా, 3 వోల్టుల లోపు ఉంటే మంచిది. అక్కడ 20, 30 కనిపిస్తే న్యూట్రల్ ఎక్కడో వదులుగా ఉంది, లేదా ఎర్తింగ్ ఎండిపోయింది. అక్కడే 230 వస్తే సాకెట్లో ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ముల్లు నిలకడగా లేక 60, 110, 90 అంటూ ఊగుతుంటే ఎర్త్ వైరు అసలు ఎక్కడికీ పోవడం లేదన్నమాట. బోర్డు విప్పే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. మీ పని కొలిచి, కాగితం మీద రాసి, పార్టీకి ఇవ్వడం.

రైసు మిల్లుల్లో ఇంకో సంగతి. పెద్ద మోటారు స్టార్టయ్యే క్షణంలో వోల్టేజి కిందికి జారుతుంది. కాసేపు ఆగి చూసిన కొలతలో అది పట్టుబడదు. మల్టీమీటర్‌లో మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే నొక్కి పెట్టి, మోటారు వేయమనండి. మీటర్ దాచుకున్న అతి తక్కువ అంకె ఎంతో చూడండి. ఆఫీసు సాకెట్లు మోటార్లున్న ఫేజు మీదే ఉంటే వేరే ఫేజుకు మార్పించడమే అన్నిటికంటే చవకైన మరమ్మతు.

త్రీ ఫేజ్ సర్వీసులో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ సామానుకి 300 వోల్టులు దాటి కూడా రావచ్చు. ఎస్‌ఎంపీఎస్‌లు (సీపీయూ లోపలి పవర్ సప్లై డబ్బాలు), రౌటర్ అడాప్టర్లు వరసగా పేలేది అప్పుడే. లైట్లు మామూలుకంటే తెల్లగా మండితే మెయిన్ దించేయమని పార్టీ దగ్గర పనిచేసేవాళ్లందరికీ చెప్పి ఉంచండి.

యూపీఎస్ సంగతి. మామూలు 600 వీఏ డబ్బా మోయగలిగేది 360 వాట్ల దాకా. ఒక సీపీయూ, ఒక మానిటర్, రౌటర్ వేస్తే కొత్త బ్యాటరీ మీద 10, 15 నిమిషాలు వస్తుంది. లేజర్ ప్రింటర్ దానికి తగిలిస్తే ఫ్యూజర్ (పొడి ఇంకును కాగితానికి కరిగించి అతికించే భాగం) వేడెక్కేటప్పుడు యూపీఎస్ ఓవర్‌లోడై ట్రిప్పవుతుంది. ప్రింటర్ ఎప్పుడూ నేరు కరెంటు మీదే ఉండాలి. మూడు నెలలకోసారి ఇలా పరీక్షించండి: అన్ని ఫైళ్లూ సేవ్ చేయించి, యూపీఎస్ ప్లగ్ పీకి, గడియారం చూడండి. 5 నిమిషాలు కూడా నిలవకపోతే బ్యాటరీ మార్చాలి. లోపల ఉండే 12 వోల్టుల బ్యాటరీ ఛార్జింగ్‌లో 13.5 నుంచి 13.8 చూపాలి, లోడు మీద 10.5కి దిగితే పని అయిపోయినట్టే. బ్యాటరీ ఆయుష్షు వేడితో తరుగుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ సగమైపోతుందన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. రేకుల షెడ్డు కింద పెట్టిన యూపీఎస్‌కి మూడేళ్లు వస్తుందని పార్టీకి మాటివ్వకండి.

ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేచోట దాని వెనక స్విచ్ చూడండి. యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని రెండుంటాయి. ఎకోలో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడం ఆలస్యమవుతుంది. ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్ల మీద నిలబడేది నిండు లోడులో దాదాపు 16 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ లోపు కరెంటు అందకపోతే సిస్టం రీస్టార్టవుతుంది, పార్టీ "వైరస్ వచ్చింది" అంటాడు.

4. విండోస్ ఇచ్చే సాక్ష్యం వినండి

ఏ సాఫ్ట్‌వేరూ పెట్టకముందే చాలా సంగతులు సిస్టంలోనే రాసి ఉంటాయి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైపు చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. 1 నుంచి 10 దాకా ఒక గీత, రోజువారీగా ఎర్ర గుర్తులు. పార్టీకి చూపించడానికి అది బాగుంటుంది గానీ మీరు ఆ అంకెను నమ్ముకోవద్దు. ఒక పనికిమాలిన ప్రోగ్రాం రోజూ క్రాషవుతున్నా గీత దిగుతుంది. మీకు కావలసింది ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టం లాగ్.

అక్కడ కస్టమ్ వ్యూ ఒకటి తయారు చేసి ఈ నంబర్లు ఇవ్వండి: 41, 6008, 6006, 1074, 1001, 7, 51, 55, 129, 153. పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే 6006 పడుతుంది. ఎవరో, లేదా అప్‌డేట్, రీస్టార్ట్ అడిగితే 1074, దాంట్లో ఎవరు అడిగారో కూడా ఉంటుంది. చెప్పాపెట్టకుండా ఆగిపోతే మళ్లీ లేచాక 6008, 41 పడతాయి. బ్లూ స్క్రీన్ వస్తే 1001. మిగిలిన 7, 51, 55, 129, 153 డిస్కు ఇబ్బందులవి. నంబరుతో పాటు సోర్స్ పేరు కూడా చూడండి, ఒకే నంబరును వేర్వేరు సోర్సులు వాడుకుంటాయి.

41 దగ్గర ఆగండి. చాలామంది దాన్ని చూడగానే "పవర్ సప్లై పోయింది, ఎస్‌ఎంపీఎస్ మార్చాలి" అనేస్తారు. దాని డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి రెండు గళ్లు చూడండి. బగ్‌చెక్ కోడ్ సున్నా కాకపోతే అది బ్లూ స్క్రీన్, ర్యామో డ్రైవరో వెతకండి. పవర్ బటన్ టైమ్‌స్టాంప్ సున్నా కాకపోతే ఎవరో బటన్ గట్టిగా నొక్కి ఆపారు. హ్యాంగైందా, లేక ఇంటికెళ్లే తొందరా అని అడగండి. రెండూ సున్నాలైతే కరెంటు నిజంగా తెగింది, లేదా ఎలాంటి జాడా లేకుండా బిగుసుకుపోయింది. ఈ మూడిట్లో ఏదో తెలియకుండా ఎస్‌ఎంపీఎస్ మార్చడం డబ్బు దండగ.

41 పడిన టైములన్నీ ఒక కాగితం మీద గంటలవారీగా గీతలు పెట్టండి. రోజూ ఉదయం 9, 10 మధ్యే గుంపుగా పడితే పక్కన ఏదో మోటారు లేస్తోంది. సాయంత్రం చీకటిపడే వేళే పడితే లో వోల్టేజి. ఏ వరసా లేకుండా చెల్లాచెదురుగా పడితే అప్పుడు సిస్టం మీద అనుమానపడండి. ఈ ఒక్క పనికి పావుగంట పడుతుంది, ఘాట్ మీద ఒక ట్రిప్పు మిగులుతుంది.

రెండు తిరకాసులున్నాయి. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే రోజూ షట్‌డౌన్ చేసినా టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ (ఆగకుండా ఎంతసేపు నడిచిందన్న లెక్క) 40 రోజులని చూపిస్తుంది, ఎందుకంటే అది కెర్నల్‌ని (విండోస్ గుండెకాయని) డిస్కు మీద దాచి నిద్రపుచ్చడమే. అప్‌టైమ్ అంకెలు కావాలంటే ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. రెండోది, సిస్టం లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీయే. అది నిండితే పాతవి చెరిగిపోతాయి. 128 ఎంబీకి పెంచండి. భారతదేశంలో సిస్టం లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. అది పక్కన పెట్టినా, ఆర్నెల్ల చరిత్ర లేనిదే రోగం పట్టుబడదు.

గడియారం తప్పుగా ఉంటే పై లెక్కలన్నీ బూడిదలో పోసినట్టే. మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్ 2032 బిళ్ల 2.7 కన్నా దిగితే మార్చేయండి. టైమ్ సర్వర్‌గా సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్ పెట్టవచ్చు. తేదీ వెనక్కిపోతే బ్యాంకు, జీఎస్‌టీ సైట్లు సర్టిఫికెట్ తప్పని తెరుచుకోవు, అదీ "నెట్ రావడం లేదు" అన్న కంప్లైంటుగానే వస్తుంది.

5. డిస్కు

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క పేరు స్మార్ట్. దాన్ని చదివే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో గానీ స్మార్ట్‌మాన్‌టూల్స్ గానీ పెట్టి నెలకోసారి ఈ వరసలు రాసుకోండి: 5 (మార్చిన సెక్టార్లు), 187 (సరిదిద్దలేకపోయిన తప్పులు), 197 (అనుమానంలో ఉన్న సెక్టార్లు), 198 (చదవడం కుదరని సెక్టార్లు), 199 (కేబుల్ దారిలో వచ్చిన తప్పులు). క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ముడి విలువలను పదహారు మూలంగా ఉన్న లెక్కలో చూపిస్తుంది. 1ఏ అని కనిపిస్తే 26 అని. సెట్టింగుల్లో దశాంశానికి మార్చుకోండి. సీగేట్ డిస్కుల్లో 1వ, 7వ వరసల్లో కోట్ల అంకెలు కనిపించి గుండె జారుతుంది, అది వాళ్ల లెక్కే అంత, భయపడనక్కర్లేదు.

197 సున్నా కాకుండా ఉంటే ఆ రోజే బ్యాకప్ తీయండి. 5వ వరస ఒకసారి 8 అయి ఏడాదంతా 8 దగ్గరే ఉంటే ఫరవాలేదు; 8, 16, 40 అని ఎక్కుతుంటే డిస్కు మార్చాలి. 199 ఎక్కితే డిస్కుది కాదు తప్పు, సాటా కేబుల్ మార్చండి. పాత అంకె తగ్గదు, ఎక్కడం ఆగిందా అన్నదే చూడాలి. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల్లో "అన్‌సేఫ్ షట్‌డౌన్స్" అనే లెక్క ఒకటుంటుంది. బండికి మీటరున్నట్టు, దాన్ని ఎవరూ చెరపలేరు. విండోస్ మళ్లీ ఎక్కించినా ఉంటుంది. పోయిన నెల అంకె తీసేస్తే ఈ నెల కరెంటు ఎన్నిసార్లు ఉన్నపళాన తెగిందో వచ్చేస్తుంది. యూపీఎస్ బాగుందని పార్టీ వాదిస్తే ఈ తేడా చూపించండి.

అన్నీ సున్నాలున్నాయని నిద్రపోకండి. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ డిస్కుల మీద వేసిన లెక్కలో, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, గట్టి సంకేతాలనుకున్న నాలుగు వరసల్లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. స్మార్ట్ లెక్క బ్యాకప్‌కి బదులు కాదు. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ట్యాలీ డేటా ఫోల్డరు వేరే సిస్టంలో తెరిచి, చివరి వోచరు తేదీ చూడండి. తెరవని బ్యాకప్ ఉందని రాసుకోకండి.

6. గుండె చప్పుడు: సిస్టమే మీకు కబురు పంపాలి

మీరు షాపు నుంచి పార్టీ సిస్టంని పింగ్ చేద్దామంటే (నెట్ మీద తట్టి పలుకుతోందా చూద్దామంటే) చాలాచోట్ల కుదరదు. మొబైల్ డేటా మీద, లోకల్ ఫైబర్ మీద నడిచే నెట్‌కి సొంత పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా చేరగల చిరునామా) ఉండదు. దానికోసం రౌటర్లో పోర్టు తెరిచి రిమోట్ డెస్క్‌టాప్‌ని బయటికి వదిలేయడం మాత్రం ఎన్నడూ చేయకండి, దొంగకు తాళం చెవి ఇచ్చినట్టే. కబురు అటునుంచి ఇటు రావాలి.

10 సిస్టంల లోపు అయితే అప్‌టైమ్ కుమా అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఒక చిన్న సర్వర్ మీద పెట్టి, సిస్టానికో పుష్ మానిటర్ (అటునుంచి వచ్చే కబురు కోసం కాచుకునేది) తయారు చేస్తే ఒక లింకు ఇస్తుంది. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ పెట్టి 5 నిమిషాలకోసారి కర్ల్ అనే కమాండుతో ఆ లింకును తట్టించండి. ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. టాస్క్ షెడ్యూలర్ కండిషన్స్ ట్యాబ్‌లో "ఏసీ పవర్ మీద ఉంటేనే నడపాలి" అన్న టిక్ ముందే పెట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ సరే, యూఎస్‌బీ కేబుల్‌తో యూపీఎస్ తగిలించిన డెస్క్‌టాప్‌ని కూడా విండోస్ బ్యాటరీ ఉన్న యంత్రంగానే చూస్తుంది. కరెంటు పోయిన మరుక్షణం మీ టాస్కు ఆగిపోతుంది. సరిగ్గా కబురు కావలసినప్పుడే అది నోరు మూసుకుంటుంది. ఆ టిక్ తీసేయండి. "లాగిన్ అయినా కాకపోయినా నడపాలి" అన్నది పెట్టండి. పవర్ ప్లాన్‌లో స్లీప్‌ని నెవర్ చేయండి, లేకపోతే భోజనాల వేళ రోజూ ఉత్తుత్తి అలారమే.

సిస్టంలు పెరిగితే జాబిక్స్ అనే పెద్ద మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మంచిది. విండోస్‌లో దాని ఏజెంట్ 2 (కబురు పంపే చిన్న ప్రోగ్రాం) పెట్టి యాక్టివ్ పద్ధతిలో నడపండి, అప్పుడు ఏజెంటే బయటికి, మీ సర్వర్ 10051 పోర్టుకి వస్తుంది. ఈవెంట్ లాగ్ చదవడం యాక్టివ్ పద్ధతిలోనే పనిచేస్తుంది. పది సిస్టంలు ఒకేచోట ఉన్న పెద్ద సైట్‌లో చిన్న ప్రాక్సీ (ఆ సైట్ కబుర్లన్నీ పోగుచేసి మీ సర్వర్‌కి పంపే యంత్రం) ఒకటి పెడితే నెట్ పోయినప్పుడు కూడా డేటా పోగేసి తర్వాత పంపుతుంది. కానీ ఆ నిల్వ మొదట 1 గంటకే సెట్ చేసి ఉంటుంది. ఫైబర్ తెగితే ఇక్కడ గంటలో అతుకుతుందా? ప్రాక్సీ ఆఫ్‌లైన్ బఫర్‌ని 72 గంటలు చేయండి. ప్రాక్సీకి "రాస్ప్‌బెర్రీ పై" అనే బుల్లి కంప్యూటర్ వాడితే ఎస్‌డీ కార్డు మీద కాక చిన్న ఎస్‌ఎస్‌డీ మీద నడపండి. కరెంటు నాలుగుసార్లు తెగితే ఎస్‌డీ కార్డు మూలకూర్చుంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు. కబురు ఆగింది. కరెంటా, నెట్టా, సిస్టమా? దీనికి సైట్‌లో ఒక కరెంటు సాక్షిని పెట్టండి. చవక వైఫై స్మార్ట్ ప్లగ్ ఒకటి యూపీఎస్ లేని నేరు సాకెట్‌లో గుచ్చండి. రౌటర్, ప్రాక్సీ యూపీఎస్ మీద ఉండాలి. ప్రాక్సీ నిమిషానికోసారి ఆ ప్లగ్‌నీ, రౌటర్‌నీ, బయట ఒక చిరునామానీ పింగ్ చేస్తుంది. ప్లగ్ పలకదు, రౌటర్ పలుకుతుంది: కరెంటు పోయింది. ప్లగ్, రౌటర్ రెండూ పలుకుతాయి, బయటిది పలకదు: నెట్ పోయింది. అన్నీ పలుకుతాయి, 4వ నంబరు సిస్టం ఒక్కటే పలకదు: ఇప్పుడు అది మీ పని. వైఫై ఊరికే జారుతుంటుంది కాబట్టి వరసగా మూడుసార్లు పలకకపోతేనే లెక్కలోకి తీసుకోండి. ప్రాక్సీ పెట్టేంత పెద్దది కాని షాపులో ఈ పింగ్ పనిని ఎప్పుడూ ఆన్‌లో ఉండే సిస్టం చేత చేయించవచ్చు.

జాబిక్స్‌లో ట్రిగర్ డిపెండెన్సీ (అసలు కారణానికి అలారం వస్తే దాని వల్ల వచ్చేవి ఊరుకునే ఏర్పాటు) పెట్టడం మరచిపోకండి. కరెంటు పోతే ఒక్క మెసేజ్ రావాలి గానీ పదకొండు కాదు.

7. అలారాలు తక్కువగా ఉంచండి

5 నిమిషాల కబురు మూడుసార్లు తప్పితే టెక్నీషియన్‌కి మెసేజ్, పని గంటల్లో అరగంట దాటితే పార్టీకి ఫోన్. ఈ కొలత మొదటి నెలకి చాలు. వారం తర్వాత వచ్చిన అలారాలన్నీ ముందేసుకుని, దేనికి మీరు కుర్చీలోంచి లేవలేదో దాన్ని తీసేయండి. సెలవుల పట్టీ సిస్టంలో ఎక్కించండి. మన తెలుగు క్యాలెండరు ఒక్కటే సరిపోదు: జూన్ మధ్యలో మూడు రోజుల రజ పండుగ, రథయాత్ర, బరంపురంలో ఏడాది విడిచి ఏడాది వచ్చే ఠాకురాణి యాత్ర, ఇవీ ఉండాలి. లేకపోతే పండుగ పూట షాపు మూసినవాడికి "మీ సిస్టం ఆగిందండి" అని ఫోన్ చేస్తారు.

8. నెలాఖరు లెక్క

10 సిస్టంలు, ఒక్కోటి 260 గంటలు: 2,600 గంటలు. 4 బ్రేక్‌డౌన్లు. భాగిస్తే 650. అంటే ఒక్కో సిస్టం సగటున 650 పని గంటలకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా బాగయ్యేసరికి, ఫోన్ వచ్చిన నిమిషం నుంచి ప్రయాణం కూడా కలిపి, సగటున 6.5 పని గంటలు పట్టిందనుకోండి. 650ని 656.5తో భాగిస్తే 99.01 శాతం. అదే సామాను పార్టీ దగ్గరే ఉంచి, ఫోన్‌లో చెప్పి మార్పించి, 2 గంటల్లో లేపగలిగితే 650ని 652తో భాగించాలి: 99.69 శాతం. ప్రయాణాలు అలాగే ఉంచి ఈ అంకె తేవాలంటే బ్రేక్‌డౌన్లు 4 నుంచి దాదాపు 1కి దిగాలి. పాత సిస్టంలతో అది జరిగే పని కాదు. ఘాట్ అవతల సైట్లకు కొత్త కంప్యూటర్లు అమ్మడం కన్నా స్పేర్ డబ్బా ఒకటి పెట్టడం మేలని చెప్పేది ఈ లెక్కే.

ఒక నెల ఏ బ్రేక్‌డౌనూ లేకపోతే "మా సిస్టంలు ఆగవు" అని కాగితం మీద రాయకండి. 2,600 గంటల్లో సున్నా వస్తే, ఆ గంటల్ని 3తో భాగించి, 867 గంటలకైనా ఒకసారి కన్నా ఎక్కువ ఆగవని 95 శాతం నమ్మకంతో అనవచ్చు, అంతే. చిన్న సైట్లకి మూడు నెలల లెక్క కలిపి చూడండి.

పార్టీకిచ్చే కాగితం ఒక పేజీ దాటకూడదు: ఎన్నిసార్లు ఆగింది, ఏ గుర్తు కింద, ఎన్ని గంటలు, వచ్చే నెల ఏం మార్చాలి. కరెంటు వల్ల పోయిన గంటల్ని విడిగా చూపండి. వాటిని మీ ఖాతాలో వేసుకోవద్దు, దాచనూ వద్దు. కొత్త బ్యాటరీకి డబ్బు రాబట్టేది ఆ వరసే.

9. స్పేర్ డబ్బాలో ఏముండాలి

450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఒకటి, ఆ సైట్‌లో నడిచే రకం 8 జీబీ ర్యామ్ ఒకటి, విండోస్, ట్యాలీ ముందే ఎక్కించి ఉంచిన 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, సాటా కేబుళ్లు 2, సీఆర్ 2032 బిళ్లలు 2, 5 పోర్టుల స్విచ్, 3 మీటర్ల నెట్‌వర్క్ కేబుళ్లు 2, కీబోర్డు, మౌస్. రౌటర్ అడాప్టర్ తప్పనిసరి; రౌటర్ చచ్చిందని తెచ్చినవాటిలో చాలావాటికి అడాప్టరే పోయి ఉంటుంది. వోల్టేజి సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్ ఎక్కువైనా ఫరవాలేదు. డబ్బా మూత మీద లోపలి సామాను పట్టీ తెలుగులోనూ ఒడియాలోనూ అంటించి, ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. ఫోన్‌లో "నీలం రంగు సంచీలోది తియ్యి" అని చెప్పగలగాలి.

మిల్లులో ఆఫీసుకీ వే బ్రిడ్జికీ మధ్య రాగి కేబుల్ లాగి ఉంటే, పిడుగుల కాలంలో రెండువైపులా పోర్టులు పోతాయి. అక్కడ ఫైబర్ వేసి రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు పెట్టండి. ఊక ధూళికి ఫ్యాన్లు బిగుసుకుపోతాయి కాబట్టి మిల్లుల్లో బ్లోయర్ విజిట్ రెండు నెలలకోసారి. మందుల షాపుకి ఆర్నెల్లకోసారి చాలు. గోపాలపురం వైపు సముద్రపు గాలికి ర్యామ్ పళ్లకు చిలుము పడుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

10. అక్టోబరుకి ముందు

ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. అందుకని యూపీఎస్ పరీక్ష, పూర్తి బ్యాకప్, స్పేర్ డబ్బా తనిఖీ మూడూ సెప్టెంబరు ఆఖరుకల్లా అయిపోవాలి. బ్యాకప్ ఒక కాపీ ఆ ఊళ్లో కాక వేరే ఊళ్లో ఉండాలి. హెచ్చరిక రాగానే ప్లగ్గులు, నెట్‌వర్క్ కేబుళ్లు పీకించి, సీపీయూలను నేలమీద నుంచి బల్లమీదికి ఎక్కించమనండి. మానిటరింగ్‌లో ఆ సైట్లను మెయింటెనెన్స్‌లో పెట్టేయండి.

తుపాను వెళ్లాక కరెంటు తిరిగొచ్చిన మొదటి గంటల్లో వోల్టేజి పైకీ కిందకీ ఊగుతుంది. తడిసిన సీపీయూని ఆన్ చేయనివ్వకండి. విప్పి, రెండు మూడు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాలి. పొడిగా ఉన్నవాటికైనా మల్టీమీటర్ అరగంటసేపు నిలకడగా 230 దరిదాపుల్లో చూపించాకే ప్లగ్గులు పెట్టించండి. ముందు రౌటర్, తర్వాత ట్యాలీ డేటా ఉన్న సిస్టం, అది లేచి పది నిమిషాలు నిలబడ్డాక మిగతావి ఒక్కొక్కటిగా, ఆఖర్న ప్రింటర్.